వెనక కూర్చుని నేర్పినాయన

పోయిన వారం చిల్లకల్లు అడ్డరోడ్డులో బస్సు దిగి, జగ్గయ్యపేట వెళ్లే ఆటో కోసం చూస్తూ నిలబడ్డాను. ఎండలో గొడుగు వేసుకుని నిలబడ్డ ముసలాణ్ణి చూసి జాలి కలిగిందేమో, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకతను మోటారు సైకిలు ఆపి, "పేటకేనా అండీ? ఎక్కండి, దింపుతా" అన్నాడు. ఎక్కాను. నేనింకా గొడుగు మడుస్తూనే ఉన్నాను, అతను గేరు వేసేశాడు. కదిలిన బండి మీదే ఎలాగో సర్దుకుని, నాకు తెలియకుండానే అతని భుజం మీద రెండుసార్లు తట్టాను. అతను టక్కున బ్రేకు వేసి వెనక్కి తిరిగాడు.

"ఏంటండీ, ఏవన్నా పడిపోయిందా?"

"ఏం లేదు బాబూ. కూర్చున్నానని చెప్పా, అంతే."

అతను నవ్వాడు. "మీరు కూర్చుంటే నాకు తెలీదా అండీ?"

తెలియదని చెప్పబోయి ఊరుకున్నాను. నా వెనక కూర్చోవలసిన మనిషి కూర్చోలేదన్న సంగతి తెలియక, మైలు దూరం ఒంటరిగా వెళ్లిపోయిన ఘనుణ్ణి నేను. ఆ రెండు తట్లూ నావి కావు, మా మామగారివి. ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది. నా చెయ్యి మాత్రం ఆయన్ని మర్చిపోలేదు.

మా మామగారికి జగ్గయ్యపేటలో గోతాల కొట్టు ఉండేది. మిరపకాయలు తొక్కించాలన్నా, వడ్లు నింపాలన్నా చుట్టుపక్కల రైతులు గోతాల కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన చొక్కా మీద ఎప్పుడు చూసినా జనపనార పీచు అంటుకుని ఉండేది. మా పెళ్లిలో పట్టుపంచె మీద కూడా ఉంది. కాళ్లు కడుగుతూ వంగినప్పుడు చూశాను. జేబులో పెన్నూ కళ్లజోడూ ఉండాల్సిన చోట పురికొస ఉండలు ఉండేవి. ఎక్కడ కూర్చున్నా ఒక ముక్క బయటికి తీసి ముడి వేసేవారు, విప్పేవారు, మళ్లీ వేసేవారు. అవతలి మనిషి చెప్పేది వింటున్నారా లేదా అని అనుమానం వచ్చేది. అన్నీ వినేవారు.

"కూర్చోవడం" ఆయనకి చాలా పెద్ద మాట. బస్తా బండిలో కూర్చోవాలి. సంబంధం రెండు ఇళ్లకీ కూర్చోవాలి. భోజనం చేసి లేచాక ఎవరన్నా తొందరపెడితే, "ఉండండి, అన్నం కూర్చోవాలి కదండీ" అని అయిదు నిమిషాలు గోడకి చేరగిలబడేవారు. ఎవరింటికి వెళ్లినా, మూల నిలబెట్టిన బియ్యం బస్తా కనిపిస్తే చాలు, రెండు చెవులూ పట్టుకుని కొంచెం ఎత్తి, కుదిపి, మళ్లీ పెట్టి వచ్చేవారు. ఇంటివాళ్లు మొహమొహాలు చూసుకునేవారు.

ఇంకో సంగతి, ఆయన నడిచేవారు. చిల్లకల్లు దాకా కూడా నడిచే వెళ్లి వచ్చేవారు. దూరమైతే బస్సు, లేకపోతే నడక. అదీ ఒకటే నడక, ఎండకీ అదే, వానకీ అదే. చినుకులు మొదలై బజారంతా పరుగులు పెడుతుంటే ఆయన మాత్రం గొడుగు విప్పుకుని ఎప్పటిలాగే వచ్చేవారు. ఆయన పరిగెత్తగా చూసినవాళ్లు పేటలో లేరు. అలాగని సైకిలు లేని మనిషి కాదు. కొట్టు వెనక గదిలో రెండు మేకులకి తలకిందులుగా వేలాడుతూ ఒక సైకిలు ఉండేది, గోనెపట్టా చుట్టి.

"ఎవరిదండీ ఇది?" అని ఒకసారి అడిగాను.

"నాదే."

"తొక్కరా?"

"తొక్కనండీ" అని వేరే మాట ఎత్తుకున్నారు.

మా పెళ్లి ఎనభై దాటిన కొత్తల్లో, జ్యేష్ఠమాసంలో జరిగింది. మాది నందిగామ, విత్తనాల కొట్టు. అన్నయ్య కొట్లో కూర్చునేవాడు. నేను సెకండ్ హ్యాండు మోటారు సైకిలు మీద ఊళ్లు తిరిగి ఆర్డర్లు తెచ్చేవాణ్ణి. ఆ బండి అంటే నాకు పిచ్చి. దాని ఎర్ర టాంకు తుడిచినన్నిసార్లు నా మొహం కూడా తుడుచుకునేవాణ్ణి కాదు. మట్టి రోడ్డైనా, నల్లరేగడి బురదైనా నాకు లెక్కలేదని అందరి దగ్గరా కోతలు కోసేవాణ్ణి. వెనక సీటు మీద ఎప్పుడూ విత్తనాల శాంపిళ్ల పెట్టె కట్టేసి ఉండేది. మనిషిని ఎక్కించుకోవాల్సిన అవసరం నాకు రాలేదు.

పెళ్లిచూపుల్లో మా ఆవిడ కాఫీ తెస్తున్నప్పుడు ఎడమకాలు కొంచెం ఈడ్చడం గమనించాను. నేను గమనించానని వాళ్లమ్మ గమనించింది. "చిన్నప్పుడు దెబ్బ తగిలింది బాబూ, పనికేం ఇబ్బంది లేదు" అంది. మామగారు చేతిలో పురికొస ముక్క కేసి చూస్తూ కూర్చున్నారు. పిల్ల నాకు నచ్చింది, కాలి సంగతి ఇంకేం అడగలేదు.

ఆషాఢం వస్తోందని పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపాలి కదా. బస్సులో తీసుకొచ్చి దిగబెట్టాను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నా కోతలు మొదలయ్యాయి.

"శ్రావణంలో ఈ బస్సుల గొడవ ఎందుకులెండి. బండేసుకొచ్చి, వెనక కూర్చోబెట్టుకుని గంటలో నందిగామ చేరుస్తా."

నెయ్యి వడ్డిస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగింది. తర్వాత తండ్రి వైపు చూసి, "బండి మీదే వెళ్తా నాన్నా" అంది.

మామగారు కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశారు.

"అల్లుడుగారూ, మీ వెనక ఇదివరకు ఎవరన్నా కూర్చున్నారా?"

"శాంపిళ్ల పెట్టె కూర్చుంటుందండీ" అన్నాను వేళాకోళంగా.

"పెట్టెకి భయం ఉండదు కదండీ" అన్నారు. "నెలరోజులుందిగా. నేర్చుకుందాం" అన్నారు.

అత్తగారు గుమ్మంలోంచి అందుకుంది. "ఆషాఢంలో అల్లుడు మన గడప తొక్కకూడదు. నేర్చుకునేదేంటి మీ తలకాయ."

"ఇంటి గడప తొక్కొద్దులే. కొట్టు దగ్గరికి వస్తారు. కొట్టుకి గడప ఎక్కడుంది, చెక్కలేగా" అన్నారాయన. ఆచారానికి ఆయన ఎంత భయపడతారో, దాన్లో సందు ఎక్కడుందో అంత బాగా తెలిసిన మనిషి.

నాకు మాత్రం ఒళ్లు మండింది. సైకిలు కూడా ఎక్కని మనిషి నాకు మోటారు సైకిలు నేర్పుతాడా అనుకున్నాను. కానీ కొత్త అల్లుణ్ణి, నోరెత్తలేను. పైగా విత్తనాల సీజను. వత్సవాయి వైపు ఊళ్లకి వారానికి రెండు మూడుసార్లు ఎలాగూ తిరగాలి. పేట మీదుగా వెళ్తే మా ఆవిడ కబుర్లన్నా తెలుస్తాయని ఒప్పుకున్నాను.

మొదటి రోజు శాంపిళ్ల పెట్టె ఊడదీయించి ఒక ఊక బస్తా తెచ్చి సీటు మీద అడ్డంగా వేశారు. కట్టలేదు. "చిల్లకల్లు దాకా వెళ్లి రండి. పడకూడదు" అన్నారు. మూడు చోట్ల పడింది. మూడోసారి పగిలి ఊకంతా రోడ్డు మీద పోసుకున్నాను. సగం బస్తాతో తిరిగొచ్చాను. ఆయన బస్తా మూతి ముడి వేస్తూ, "బ్రేకు మీద పడుతున్నారు మీరు. నొక్కాలి గానీ పడకూడదండీ" అన్నారు. చూడకుండానే ఎలా చెప్పారో నాకు అర్థం కాలేదు. ఊక ఏ వైపు జారిందో బట్టి చెప్పానన్నారు తర్వాత.

వారం తిరిగేసరికి బస్తా పడటం మానేసింది. అప్పుడు తనే వచ్చారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు. నేను బండి స్టార్టు చేసి కూర్చున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, వెనక సీటు మీద ఒకవైపుకి, రెండు కాళ్లూ ఎడమపక్కకి వేసి, ఆడవాళ్లు కూర్చున్నట్టు కూర్చున్నారు.

"మామయ్యగారూ, అటొక కాలూ ఇటొక కాలూ వెయ్యండి" అన్నాను బెదిరిపోయి.

"అమ్మాయి అలా కూర్చుంటుందా?"

"కూర్చోదనుకోండి. కానీ బజార్లో..."

"మరి నేనలా కూర్చుంటే మీరు నేర్చుకునేదేముంది? ఇప్పుడు నేను మా అమ్మాయిననుకోండి. పోనివ్వండి."

ఆ రోజు పేట బజారంతా కొట్లలోంచి బయటికొచ్చి చూసింది. యాభై అయిదేళ్ల షావుకారు, ఊళ్లో నలుగురూ లేచి దణ్ణం పెట్టే మనిషి, కొత్త అల్లుడి వెనక పెళ్లికూతురిలా ఒద్దికగా కూర్చుని వెళ్తున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిల్లకల్లు టీకొట్టాయన అయితే గ్లాసులు కడగడం ఆపి మరీ అడిగాడు.

"ఏంటి షావుకారుగారూ, కాపురానికి తీసుకెళ్తున్నారా అల్లుడుగారు?"

"అవునయ్యా. ముందు నేను వెళ్లి చూసొస్తా. బాగుంటే పిల్లని పంపుతా" అన్నారు మామగారు, ఏమాత్రం నవ్వకుండా. టీకొట్టు దగ్గరున్న లారీ డ్రైవర్లు పొట్టలు పట్టుకున్నారు. నేను కూడా నవ్వాను. అంతవరకూ ఆయన మీదున్న కోపం ఆ నవ్వులో చాలావరకు పోయింది.

ఆయన పాఠాలు ఎక్కువేం కావు, కానీ చెప్పిందే చెప్పేవారు. భుజం మీద రెండు తట్లు పడేదాకా బండి కదలకూడదు. ఇది మొదటిది. ఆయన బరువంతా ఎడమవైపు ఉంటుంది కాబట్టి నేను కుడివైపు వొంగి సరిచెయ్యాలని చూసేవాణ్ణి. "మీరెందుకండీ వొంగుతారు? నా బరువు నేను చూసుకుంటా. మీరు నిటారుగా ఉంటే చాలు" అనేవారు. అన్నిటికన్నా కష్టమైంది ఇంకోటి.

"వెనక మనిషికి రోడ్డు కనపడదండీ, మీ వీపే కనపడుద్ది. గుంట వస్తే మీకు ముందే తెలుసు. ఆవిడకి పడ్డాకే తెలుసుద్ది. మీరు చూసింది ముందే చెప్పాలి."

అలా నాకు రోడ్డుని పైకి చదవడం అలవాటు చేశారు. "గుంట... గేదెలు... లారీ వస్తోంది... బ్రేకు వేస్తున్నా..." మొదట సిగ్గుతో గొణిగేవాణ్ణి. "వినపడలా" అనేవారు వెనకనుంచి. బస్సు కండక్టరులా అరుచుకుంటూ తిప్పేవాణ్ణి ఆయన్ని. ఒకరోజు, "ఇంట్లో అడుగుతున్నారు, పేట నుంచి నందిగామకి గుంటలెన్ని అని" అన్నారు. ఇంట్లో అంటే మా ఆవిడ. మర్నాడు లెక్కపెట్టుకుంటూ వచ్చి చెప్పాను. ఆషాఢంలో కొత్త పెళ్లాంతో మాట్లాడుకున్న సరసం మొత్తం మాకు అదే.

మూడోవారంలో ఒకరోజు చిల్లకల్లులో టీ తాగి బయల్దేరాం. నాకు వత్సవాయిలో ఒక రైతు కాచుకుని ఉంటాడని తొందరగా ఉంది. సన్నగా తుంపర పడుతోంది. బండి స్టార్టు చేశాను. మామగారు సీటు మీద చెయ్యి ఆనించారు. వెనక చక్రం కొంచెం కుంగింది. ఆయన కూర్చునే ముందు గొడుగు టీకొట్లో మర్చిపోయినట్టు గుర్తొచ్చి వెనక్కి వెళ్లారట. నేను రెండు తట్ల కోసం ఆగలేదు. బండి కుంగింది కదా, కూర్చున్నారనుకుని లాగించేశాను.

"గుంట" అన్నాను. "లారీ పక్కకి తప్పుకుంటున్నా" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకపోతే, నేను బాగా తోలుతున్నాననుకుని ఇంకా హుషారుగా చెప్పుకుంటూ పోయాను. రోడ్డు పక్క పత్తిచేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. ఒకామె గట్టిగా, "ఎవురితో అయ్యా మాటలు?" అని అరిచింది. మిగతావాళ్లు విరగబడి నవ్వారు. అప్పుడు వెనక్కి తిరిగాను. సీటు ఖాళీగా ఉంది.

ఎక్కడ పడిపోయారో, ఏ లారీ కింద పడ్డారో అనుకుంటూ బండి తిప్పి వచ్చాను. ఆయన గొడుగు వేసుకుని, రోజూ నడిచే నడకే నడుచుకుంటూ ఎదురొస్తున్నారు. బండి దిగి దగ్గరికి వెళ్లి, "తప్పయిపోయింది మామయ్యగారూ" అన్నాను. తిడతారనుకున్నాను. ఆయన తడిసిన వెనక సీటు మీద అరచెయ్యి ఆనించారు.

"నేను చేసిందీ ఇంతేనండీ" అన్నారు.

అక్కడే కల్వర్టు గోడ మీద కూర్చున్నాం. జేబులోంచి పురికొస తీశారు గానీ ముడి వెయ్యలేదు.

"అమ్మాయికి అప్పుడు ఆరేళ్లు. తిరునాళ్లకి తీసుకెళ్లా, సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని. బూర కావాలంటే కొనిపెట్టా. వచ్చేటప్పుడు పక్కనే ఇంకో సైకిల్ మీద మా తోటి వ్యాపారస్తుడొకాయన. వానల గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాం. వెనక కుయ్యిమంది. బూర ఊదుతోందనుకున్నా. సైకిల్ బరువెక్కింది. ఎదురుగాలి అనుకున్నా."

వేళ్ల మధ్య పురికొస నలుగుతోంది.

"ఇంకా గట్టిగా తొక్కానండీ."

మా ఆవిడ ఎడమ మడమ మీది మచ్చ నేను చూశాను. వేలెడు పొడుగున, లోపలికి తొలిచినట్టు ఉంటుంది. సైకిలు చక్రం చువ్వల్లో పడిన కాలని నాకు అప్పటిదాకా తెలియదు.

"మూడు నెల్లు మంచం మీదుంది. నన్నొక్క మాట అనలా. అంత పిల్ల ఏమంటుంది లెండి. కానీ అప్పట్నుంచీ ఎవరి వెనకా కూర్చోలా. బడికి నడిచే వెళ్లింది, కాలేజీకీ నడిచే వెళ్లింది. స్నేహితురాళ్లు సైకిల్ ఎక్కమంటే నవ్వి తప్పించుకునేది. మొన్న మీ బండి మీద వెళ్తానంది. భయం పోయి అనలేదండీ. భయం ఉండగానే అంది."

ఇందాకే సొంత మామగారినే రోడ్డు మీద వదిలేసి వెళ్లినవాణ్ణి. "ఎందుకొచ్చిన గొడవండీ, బస్సులోనే తీసుకెళ్తా" అన్నాను.

ఆయనకి కోపం రావడం నేను చూసింది అదొక్కసారే.

"బస్సులో తీసుకెళ్లడానికి నువ్వెందుకయ్యా? కండక్టరు చాలడా?"

అనేసి, తనే ఉలిక్కిపడి, "క్షమించండి అల్లుడుగారూ" అన్నారు. తర్వాత లేచి, బండి దగ్గరికి నడిచి, ఒకవైపుకి కూర్చున్నారు. నేను స్టార్టు చేసి ఆగాను. చాలాసేపు ఆగాను. భుజం మీద రెండు తట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి బండి తోలడం మానేసేదాకా, వెనక మనిషి ఉంటే అవి పడకుండా నేను బండి కదపలేదు.

ఆషాఢం చివర్లో ఒక వింత చేశారు. కమ్మరి దగ్గర సన్నటి ఇనప చట్రం చేయించి, వెనక చక్రానికి ఎడమపక్కన బిగించి, దాని నిండా పురికొసతో వల అల్లారు. ఎంత దగ్గరగా అల్లారంటే చిటికెనవేలు కూడా దూరదు. కింద పాదం ఆనడానికి ఒక చెక్కపలక. ఎర్ర టాంకు బండికి గోనె రంగు వల! నందిగామలో మా అన్నయ్య చూసి, "ఏరా, చేపలకి వెళ్తున్నావా?" అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. విప్పేద్దామని ఒకసారి కత్తెర కూడా తీశాను. కల్వర్టు గోడ గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టేశాను.

శ్రావణం వచ్చింది. మంచిరోజు చూసి పొద్దున్నే వెళ్లాను. ఈసారి గడప తొక్కాను, కాఫీ తాగాను. మా ఆవిడ ఆకుపచ్చ చీర కట్టుకుని బయటికొచ్చింది. పెట్టె, సామాన్లు బస్సులో తర్వాత వస్తాయి. మామగారు బండి పక్కన గొంతుకూర్చుని వల ముడులన్నీ ఒక్కొక్కటే లాగి చూశారు. తర్వాత లేచి కూతురికి ఒక్కొక్కటీ చెప్పారు.

"చెంగు నడుంకి దోపుకో. ఎడం కాలు పలక మీద. కుడి కాలు దాని పక్కన. చేత్తో ఆయన భుజం పట్టుకో. సిగ్గుపడమాకు."

మా ఆవిడ మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా కూర్చుంది. ఆయన నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పారు.

"ఏం జరిగినా వెనక్కి తిరిగి చూడొద్దు. చూస్తే బండి తిరుగుద్ది. ఉందో లేదో మీ వీపుకి తెలియాలి."

భుజం మీద రెండు తట్లు పడ్డాయి. మెత్తగా. గేరు వేశాను. బండి కదిలింది గానీ మొదటి పది గజాలూ ఎవరో పట్టి లాగుతున్నట్టు బరువుగా వచ్చింది. క్లచ్చి సరిగ్గా వదల్లేదేమో అనుకున్నాను, ఆవిడ బరువు కొత్త కదా అనుకున్నాను. వెనక్కి మాత్రం తిరగలేదు. వీధి మలుపు తిరగ్గానే బండి తేలికైపోయింది. హాయిగా ఊపిరి పీల్చుకుని, "గుంట" అన్నాను. వెనకనుంచి "ఊఁ" అంది. చిల్లకల్లు దాటాక, "ఇంకొంచెం స్పీడుగా పోనిచ్చినా పర్లేదు" అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, ఇంటికి ఎవరొచ్చినా నేను ఈ కథ చెప్పేవాణ్ణి. "మొదటి పది గజాలు బండి కదిలితే ఒట్టు. ఈవిడ అంత బరువు" అని మా ఆవిడని ఏడిపించేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది.

మామగారు నందిగామ వచ్చినప్పుడల్లా ముందు ఇంట్లోకి వచ్చేవారు కాదు. బండి ఎక్కడుందో చూసి, పక్కన గొంతుకూర్చుని, వల ముడులు లాగి చూసేవారు. ఎక్కడన్నా నార చివికితే జేబులోంచి పురికొస తీసి అక్కడికక్కడే అల్లేవారు. అది అయ్యాకే కాళ్లు కడుక్కుని మంచినీళ్లు తాగేవారు. "కూర్చుంటోందా అమ్మాయి?" అని అడిగేవారు నన్ను. "కూర్చుంటోందండీ" అనేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా క్షేమ సమాచారాలు అంతే. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండు దాకా నేనే దింపేవాణ్ణి. చివరిదాకా ఒకవైపుకే కూర్చున్నారు. "ఇప్పుడెందుకండీ, అటో కాలు వెయ్యండి" అంటే, "అలవాటైపోయింది, ఇలాగైతే పక్కన పొలాలు కనపడతాయి" అనేవారు.

ఆఖరి ఏడాది వచ్చినప్పుడు తట్టిన తట్లు నాకు సరిగ్గా తెలియలేదు. "కూర్చున్నారా?" అని అడిగాను. "తట్టానుగా" అన్నారు. ఆయన చేతిలో బలం పోయిందని నాకు అప్పుడు తెలిసింది. కొన్నాళ్లకే కబురొచ్చింది. నేనూ మా ఆవిడా బండి మీదే వెళ్లాం. నందిగామ నుంచి పేట దాకా ఆ రోజు నేను ఒక్క గుంట కూడా చెప్పలేదు. ఆవిడా అడగలేదు. నా చొక్కా వీపంతా తడిసిపోయింది.

ఆయన పోయాక వల రెండేళ్లు నిలిచింది. తర్వాత ఒక్కో పోగూ చివికిపోయింది. తిరిగి అల్లాలని కూర్చున్నాను, ఆయన వేసే ముడి నాకు రాలేదు. నెలరోజులు ఆయన నా వెనక కూర్చుంటే నేర్చుకున్నానుగానీ, ఎదురుగా కూర్చుని ఆ ముడి ఎలా వేస్తారని ఒక్కరోజూ అడగలేదు. ఇప్పటికీ ఎక్కడన్నా కొత్త గోతాం వాసన వస్తే చాలు, ఆయన మీద బెంగ పుడుతుంది. మామగారి మీద బెంగపెట్టుకునే అల్లుడెక్కడన్నా ఉంటాడా అని నవ్వుతారు. ఉన్నాను.

పోయినవారం పేట నుంచి తిరిగొచ్చి, సిమెంటు ఫ్యాక్టరీ అతని సంగతి మా ఆవిడకి చెప్పాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అతని భుజం మీద తట్టేశానని చెబితే నవ్వింది. ఆ ఊపులో నేను పాత పాటే ఎత్తుకున్నాను. "అయినా ఆ రోజు పది గజాలు నీ బరువుకి..."

"ఆ బరువు నాది కాదండీ" అంది.

చేతిలో కాయ పక్కన పెట్టింది. నా వైపు చూడలేదు.

"నాన్నది. వెనక కడ్డీ పట్టుకుని పరిగెత్తాడు. చెప్పులు ఊడిపోయినా ఆగలా, మలుపుదాకా వచ్చాడు. నేను చూస్తూనే ఉన్నా. నోటి మీద వేలు పెట్టి చెప్పొద్దన్నాడు. మలుపు దగ్గర వదిలేశాడు."

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పొద్దన్నాడుగా. తర్వాత అడిగితే చెప్పాడు, మీకు తోలడం వచ్చేసిందని మీరు అనుకోవాలంట. ఇప్పుడు నాన్న లేడు, మీరు బండి తోలడం మానేశారు. ఇంక చెబితే ఏంలే అనిపించింది."

ఎవరూ పరిగెత్తగా చూడని మనిషి, ఒట్టి కాళ్లతో, నా బండి వెనక. మలుపు తిరగ్గానే బండి తేలికైందని ఆ రోజు నేను ఎంత మురిసిపోయానో. ఆ మలుపులో ఆయన ఒగరుస్తూ నిలబడి ఉంటారు. నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూడొద్దని ఆయనే చెప్పారు.